ఉంది, సాయంత్రం రా

తెలుగువారి వాణిజ్య చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయబూనితే, అందులో ఒక అధ్యాయాన్ని అమీర్‌పేట రాఘవేందర్ నోటికి కేటాయించక తప్పదు. దుకాణం తెరిచిన నాటి నుంచి నేటి వరకు ఆ నోటి నుంచి 'లేదు' అన్న మాట ఏ గిరాకీ చెవిన పడలేదు. ఈలోగా జావా వచ్చింది, డాట్‌నెట్ వచ్చింది, ఒరాకిల్ ఒక వెలుగు వెలిగి సన్నగిల్లింది. మెట్రో స్తంభాలు లేచి రోడ్డు మీది ఎండను వాటాలు వేసుకున్నాయి. రాఘవేందర్ మాత్రం ఎవరేది అడిగినా 'ఉంది' అంటూనే ఉన్నాడు.

ఆయనది కోచింగ్ సెంటర్ల సందులో, నాలుగంతస్తుల భవనం కింద జెరాక్స్ షాపు. పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, టెస్టింగ్ టూల్స్ నోట్సు ఉందా?" అంటాడు.

"ఉంది. సాయంత్రం రా."

ఆ క్షణాన ఆ నోట్సు ఆయన దగ్గర ఉండదు. ఆ కోర్సు ఏ సెంటర్లో చెబుతారో కూడా ఆయనకు తెలియదు. మధ్యాహ్నంలోగా పక్క సందులో టీ బండి దగ్గరికి పోయి, అక్కడ నిలబడ్డవాళ్లలో ఆ కోర్సు చదివేవాణ్ని పట్టుకుని, వాడికి ఒక సెట్టు ఊరికే తీసిస్తానని ఒప్పించి, నోట్సు తెచ్చి, కాపీలు తీసి, పిన్ను కొట్టి పెడతాడు. సాయంత్రానికి నోట్సు ఉంటుంది. అందుచేత పొద్దున చెప్పింది అబద్ధమని ఇంతవరకు ఎవరూ నిరూపించలేకపోయారు. అది కొంచెం ముందుగా చెప్పిన నిజం.

ఈ అలవాటు నోట్సు దగ్గర ఆగలేదు. హాస్టల్లో మంచం ఉందా, వరంగల్ పోయే కారులో ఒక సీటు ఉందా, ఇంటర్వ్యూకు కట్టుకోవడానికి టై ఉందా, అన్నింటికీ ఒకటే జవాబు. ఆ టై ఇప్పటికీ షాపులో మేకుకు వేలాడుతోంది. దానితో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు బెంగళూరు దాకా ఉన్నారు.

భార్య స్వరాజ్యం ఎర్రమంజిల్‌లో, ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది. ఆమెకు చరిత్ర మీద గౌరవం తక్కువ. "ఊరందరికి ఉందంటవు. మనింట్ల ఉప్పు ఉన్నదో లేదో ఎన్నడన్న చూసినవా?" అంటుంది. ఈ ప్రశ్నకు మాత్రం రాఘవేందర్ జవాబు చెప్పడు. ఆమె గిరాకీ కాదు.

ఇంతటి వైభవానికీ గడ్డుకాలం వచ్చింది. నోట్సులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ఫోన్లో ఉన్నదాన్ని జెరాక్స్ తీయమని ఎవరూ అడగరు. పాఠాలు సగం మంది ఇంట్లో మంచం మీద పడుకునే వింటున్నారు. స్వరాజ్యం కుట్టిచ్చిన పూలపూల తొడుగు జెరాక్స్ మిషను మీద కప్పింది కప్పినట్టే ఉండసాగింది. అటువంటి రోజుల్లో ఒక పొద్దున ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఒకరు కరీంనగర్ వాడైన అనుదీప్, మరొకరు కాకినాడ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మధులత.

"అన్నా, పైన రెండు గదులు ఖాళీ ఉన్నయా?" అన్నాడు అనుదీప్.

"ఉన్నయి. సాయంత్రం రాండ్రి."

అప్పటికి ఆ గదుల నిండా మూతపడిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బల్లలున్నాయి. సాయంత్రానికి లేవు.

వాళ్లు పెట్టిన కంపెనీ పేరు 'ఉదజని టెక్నాలజీస్'. ఉదజని అంటే హైడ్రోజన్‌కు బడి పుస్తకాల్లో ఉండే తెలుగు పేరు. పరీక్ష రాసిన మరునాడు అందరూ మరిచిపోయే పేర్లలో అదొకటి. భవనం యజమాని ఊళ్లో ఉండడు గనుక, ఆ భవనం బాగోగులు చూసే మనిషిగా రాఘవేందర్ కంపెనీ వివరాలు విచారించాడు.

"నీళ్లలకు కరెంటు పంపిస్తే రెండు గ్యాసులుగ విడిపోతయన్నా," అన్నాడు అనుదీప్. "ఒకటి హైడ్రోజన్, ఇంకోటి ఆక్సిజన్. హైడ్రోజన్ ఫ్యాక్టరీలకు కావాలె, రేపు బండ్లకు గూడ కావాలె. పంపిన కరెంటు ఎండ నుంచో గాలి నుంచో వచ్చిందనుకో, దాన్ని గ్రీన్ హైడ్రోజన్ అంటరు. గా విడదీసే మిషన్ మేం తయారుచేస్తం."

రాఘవేందర్ శ్రద్ధగా విని, అడగవలసిన ఒక్క ప్రశ్నా అడిగాడు. "పేలుతదా?"

"పేలదండి," అంది మధులత. "గ్యాసు మేడ మీది నుంచి బయటికి పోయేలా పైపు పెడతాం. ఎక్కడన్నా లీకైతే మిషను దానంతటదే ఆగిపోతుంది. ఓనరు గారికి మీరేం చెప్తారు?"

"నీళ్ల కంపెనీ అని చెప్తా."

ఆ విధంగా దేశ ఇంధన భవిష్యత్తు అమీర్‌పేటలో రెండు గదుల్లోకి సామాను దించుకుంది. మొదటి మిషను ఫ్రిజ్జంత ఉండేది. దానికి ఏది తక్కువైనా అనుదీప్ మెట్ల మీది నుంచే కేకవేసేవాడు. స్టీలు పైపు ఉందా అన్నా? ఉంది, సాయంత్రం రా. రాఘవేందర్ రాణిగంజ్ పోయి తెచ్చేవాడు. మేడ మీదికి సోలార్ పలకలు మోసే మనుషులున్నారా? ఉన్నారు. క్రమంగా ఆయన జెరాక్స్ తక్కువ, కంపెనీ ఎక్కువ అయిపోయాడు. నెలకు ఇంత అని చేతిలో పెట్టేవాళ్లు. ఆయన చేసే పనికి మాత్రం పేరు లేదు. పేరు అవసరమని ఎవరికీ తోచనూ లేదు. 'అన్న' అంటే సరిపోయేది.

కంపెనీ ఎదుగుదలలో అసలు మలుపు ఏ శాస్త్రవేత్త వల్లా రాలేదు, హాషం వల్ల వచ్చింది. హాషం ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ షాపు యజమాని, రాఘవేందర్‌కు పాత దోస్తు. ఆ సందులోని బోర్డులన్నీ ఆయన చేతివే. కంపెనీకి ఒక బోర్డు చేయమంటే, రోజూ చేసే డిజైన్‌లోనే పేరు మార్చి అచ్చువేశాడు. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు: 'ఉదజని టెక్నాలజీస్, గ్రీన్ హైడ్రోజన్.' దాని కింద, డిజైన్‌లో మొదటి నుంచీ ఉన్న లైను: 'కొత్త బ్యాచ్ సోమవారం నుంచి.'

"గా బ్యాచ్ ఏంది హాషం భాయ్?" అన్నాడు రాఘవేందర్, బోర్డు ఎక్కించాక కింద నిలబడి చూసి.

"అరె, అందరి బోర్డుల ఉంటది కదా. తీసేస్తే కింద ఖాళీగ కనబడ్తది. జర నిండుగ ఉండాలె మియా."

అమీర్‌పేటలో పేరు చివర 'టెక్నాలజీస్' అని ఉన్న దేన్నైనా జనం కోచింగ్ సెంటరే అనుకుంటారు. పైగా బ్యాచ్ సోమవారం నుంచి. ఏ సోమవారమో చెప్పలేదు గనుక ఆ ప్రకటనకు కాలదోషం కూడా పట్టదు. రెండో రోజే బోరబండ నుంచి నౌషీన్ అనే అమ్మాయి వచ్చింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, ఏ కోర్సులో చేరాలా అని సందు సందూ తిరుగుతోంది.

"అంకుల్, హైడ్రోజన్ కోర్సు ఉందా?"

రాఘవేందర్‌కు తెలుసు, లేదు. నోరు మాత్రం తన అలవాటు ప్రకారం పని చేసింది. "ఉంది."

"ఎన్ని నెలలు?"

"మూడు."

"డెమో ఎప్పుడు?"

"సోమవారం రా బిడ్డా."

నోట్సైతే సాయంత్రానికి తేగలిగేవాడు. కోర్సును ఏ టీ బండి దగ్గర వెతకాలి? సోమవారం నాటికి నౌషీన్ స్నేహితులూ, ఆ స్నేహితుల హాస్టల్ వాళ్లూ కలిసి మెట్లన్నీ నింపేశారు. అనుదీప్ ఊళ్లో లేడు, మధులత ఇంకా రాలేదు. రాఘవేందర్ వాళ్లను లోపల కూర్చోబెట్టి, మిషను పక్కన నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లంటే ఏంది? ఉమ్మడి కుటుంబం. ఆక్సిజన్ అని ఒక అన్న, హైడ్రోజన్ అని ఇద్దరు తమ్ముళ్లు. ఒక్క ఇంట్ల కల్సి ఉంటరు. చూస్తే ఏం కొట్లాట లేదు, సల్లగుంటరు. గప్పుడు కరెంటొస్తది. కరెంటంటే ఎవరు? బయటి నుంచొచ్చి పంపకాలు పెట్టించే బావమరిది. ఇగ అన్న ఒక దిక్కు పోతడు, తమ్ముళ్లు ఒక దిక్కు పోతరు. మళ్ల కల్వకుండ నడుమ పల్చటి గోడ. దాన్నే మెంబ్రేన్ అంటరు. రాసుకోండ్రి."

రాసుకున్నారు. వెనక నుంచి ఒక కుర్రాడు చేయెత్తాడు. "గ్రీన్ హైడ్రోజన్ ఆకుపచ్చగ ఉంటదా అంకుల్?"

"ఉంటది."

"ఉండదు," అంది మధులత, తలుపు దగ్గర నిలబడి. "దానికి రంగే ఉండదు. కంటికి కనపడదు. ఏంటిది రాఘవేందర్ గారూ?"

"డెమో మేడం."

"ఎవరు పెట్టమన్నారు?"

రాఘవేందర్ కిటికీలోంచి బోర్డు చూపించాడు. ఆవిడ ఆ కింది లైను అప్పుడే మొదటిసారి చదివింది.

వాళ్లను పంపించేద్దామనే అనుకుంది. కానీ ఆకుపచ్చ విషయం పుస్తకాల్లోకి ఎక్కేసింది. తప్పు రాసుకున్న పిల్లల్ని ఆ తప్పుతో మెట్లు దిగనివ్వడం ఇంజనీర్ల వల్ల కాదు. దాన్ని దిద్దబోయి మెంబ్రేన్ దాకా, మెంబ్రేన్ దిద్దబోయి మిషను లోపలి లోహపు పలకల దాకా వెళ్లింది. మధ్యాహ్నమైంది. వెళ్తూ వెళ్తూ వాళ్లు, "మళ్లీ సోమవారం ఏ టాపిక్ మేడం?" అని అడిగారు.

ఉద్యోగం గ్యారంటీ లేదని చెప్పగానే చాలామంది మానేశారు. నౌషీన్‌తో పాటు మిగిలినవాళ్లు పలకల మధ్య మెంబ్రేన్ పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బోల్టులు సమానంగా బిగించడం దాకా నేర్చుకున్నారు. "మనం పెట్టని కోర్సు ఎంత మంచిగ నడుస్తుందో చూడు," అని అనుదీప్ మధులతతో అనేవాడు. కంపెనీ పెట్టిన తర్వాత అనుకున్న సమయానికి జరిగిన పని ఆ సోమవారాల క్లాసు ఒక్కటే.

ఈలోగా కంపెనీ మిషన్లు ఫ్రిజ్జంత నుంచి బీరువాలంత అయ్యాయి. చిన్న ఆర్డర్లు వచ్చాయి. ఒక పెద్దది రాబోతోందని తెలిసింది. నగరం బయట వనస్పతి ఫ్యాక్టరీ నడిపే విజయేందర్ కబురు పెట్టాడు. నూనెను గడ్డకట్టించి వనస్పతి చేయాలంటే హైడ్రోజన్ కావాలి. దాన్ని ఇన్నాళ్లూ లారీల మీద సిలిండర్లలో తెప్పిస్తున్నాడు. ఇప్పుడు షెడ్ల మీద సోలార్ పలకలు వేసి, అక్కడికక్కడే తయారు చేసుకోవాలనుకుంటున్నాడు.

ఒకరోజు అనుదీప్ షాపులోకి వచ్చి, జెరాక్స్ మిషను మీద మోచేయి ఆనించి నిలబడ్డాడు. మొహం చూస్తే మంచి వార్త తెచ్చినవాడిలా లేడు.

"అన్నా, గీ ఆర్డర్ వస్తే పంజాగుట్టల ఒక ఫ్లోర్ తీసుకుంటం. మిషన్ల పనికి బయట షెడ్డు. ఈ గదులు ఖాళీ చేస్తం."

"మస్తు ఖుషీ వార్త కదా సార్."

"ఆడ ఊడ్చుడు, సెక్యూరిటీ, చాయ్ అన్ని బిల్డింగోల్లే చూస్తరట. సామాన్లు తెచ్చేతందుకు ఏజెన్సీ ఉన్నది. నిన్ను ఏ పోస్టుల పెట్టాలె అని వారం నుంచి ఆలోచిస్తున్న. తెలుస్తలేదన్నా."

"తెలుస్తది సార్. ఫికర్ చెయ్యకుండ్రి," అని రాఘవేందర్ అనుదీప్‌ను ఓదార్చి పైకి పంపించాడు. తర్వాత మిషను మీది తొడుగు తీసి, అద్దం తుడిచి, మళ్లీ తొడుగు వేశాడు.

ఆయన పరిస్థితి రాజనీతిజ్ఞులు సైతం తలపట్టుకునేలా ఉంది. కంపెనీ పెరిగితే ఆయనకు చోటు లేదు. పెరగకపోతే ఎవరికీ చోటు లేదు. షాపు చూస్తే ఆ అద్దం ఉంది, తొడుగు ఉంది, గిరాకీ లేదు.

"ఊరందరు నిన్ను అడుగుతరు ఉందా ఉందా అని," అన్నాడు హాషం, ఎదురుగా స్టూలు మీద కూర్చుని. "నువ్వు పోయి అనుదీప్‌ను అడుగు, నాకు పోస్టు ఉందా అని. సీదా బాత్."

"లేదంటే?"

"లేదంటే లేదంటడు."

రాఘవేందర్ జెరాక్స్ మిషను మీది తొడుగు అంచు సర్దాడు. ఇన్నేళ్లూ ఎవరికీ అనని మాటను ఎవరి నుంచైనా వినవలసి వస్తుందని ఆయనెప్పుడూ అనుకోలేదు. "సూద్దాం తియ్," అన్నాడు చివరికి.

విజయేందర్ వచ్చే రోజు సోమవారమే అయింది. ఆ పొద్దున స్వరాజ్యం సేమియా పాకెట్ తీసి గట్టు మీద పెట్టింది. "ఇయ్యాల అడుగుతవా?"

"సూస్తా."

"సూసుడు కాదు, అడుగు. పోస్టు వస్తే పాయసం చేస్తా. రాకున్నా చేస్తా, సేమియా పురుగు వడ్తది. వచ్చేటప్పుడు పాలు తేవాలె, ఇంట్ల సుక్క లేవు."

"తెస్తా," అన్నాడు రాఘవేందర్.

విజయేందర్ లావుపాటి మనిషి. మెట్లెక్కుతుంటే, క్లాసు కోసం కూర్చున్న పిల్లలు ఒద్దికగా పక్కకు జరిగి దారిచ్చారు. మిషను చూశాడు, పైపు చూశాడు, మేడ మీది పలకలు చూశాడు. అనుదీప్ నడిపి చూపించాడు. మధులత లెక్కలు చెప్పింది. అంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది. ఇంతకు ముందు గూడ నేనొక మంచి మిషన్ కొన్న. దాన్ని నడిపేటోడు దొరకక మూడేండ్లు దాని మీద బట్టలు ఆరేసిన్రు మా వాచ్‌మెన్ ఇంటోల్లు. మూడు షిఫ్టులు నా ఫ్యాక్టరీల దీన్ని ఎవరు చూస్తరు? మనుషులున్నరా?"

అనుదీప్ నిజాయితీపరుడు. "ఆర్డర్ తర్వాత రిక్రూట్‌మెంట్..." అని మొదలుపెట్టబోయాడు. సరిగ్గా అప్పుడు రాఘవేందర్ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. ప్రశ్న ఎవరిని అడిగారన్నది ఆ నోటికి ఎప్పుడూ ముఖ్యం కాదు.

"ఉన్నరు," అన్నాడు.

అనుదీప్ కళ్లు మూసుకున్నాడు.

"ఏడున్నరు?" అన్నాడు విజయేందర్.

"మెట్ల మీద. మీకు దారిచ్చింది వాళ్లే." గుమ్మంలోంచి తల బయటపెట్టి పిలిచాడు. "నౌషీన్ బిడ్డా, లోపలికి రా. సారుకు మిషన్ గురించి చెప్పు."

నౌషీన్ వచ్చి, పక్కనున్న ఒక చిన్న సెట్టు విప్పి, పలకలు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ మళ్లీ పేర్చింది. శాస్త్రీయంగానే మొదలుపెట్టింది. విజయేందర్ మొహంలో కదలిక కనిపించకపోయేసరికి డెమో రోజు పుస్తకంలో రాసుకున్నదాంట్లోకి దిగిపోయింది. నీళ్లంటే ఉమ్మడి కుటుంబం సార్, కరెంటంటే బావమరిది సార్.

విజయేందర్ బిస్కెట్ చాయ్‌లో ముంచబోయి ఆగాడు. ఆయనకూ తమ్ముళ్లకూ ఫ్యాక్టరీ వాటాల మీద కేసు నడుస్తోంది. వాళ్లందరికీ ఒక బావమరిది ఉన్నాడు.

"నడుమ గోడ ఎవరు కడ్తరు?" అన్నాడు ముందుకు వంగి.

"అదే సార్ మెంబ్రేన్. అది పాడుకాకుండ చూసుకునుడే మా పని."

"పాడైతే? అన్నదమ్ములు మళ్ల కలుస్తరా?"

"కలుస్తరు సార్. కానీ పెద్ద మంట లేస్తది. మంట తర్వాత మళ్లీ నీళ్లే."

"మేమింకా మంట కాడనే ఉన్నం," అన్నాడు విజయేందర్. తర్వాత అనుదీప్ వైపు తిరిగాడు. "ఇన్నేండ్ల సంది హైడ్రోజన్ కొంటున్న. ఇయ్యాల సమజైంది. ఆర్డర్ ఇస్తున్న. కానీ ఒక షరతు. గీ పిల్లలే రావాలె నా దగ్గరికి, ఇంకొంతమంది సుత కావాలె, ఇట్లనే నేర్పించి పంపాలె." బిస్కెట్ ఎత్తి చూపించాడు. "గిందుల నా వనస్పతే ఉన్నది. రేపటి నుంచి మీ హైడ్రోజన్ గూడ ఉంటది."

ఆ విధంగా గ్రీన్ హైడ్రోజన్ విప్లవం ఉస్మానియా బిస్కెట్‌లోకి ప్రవేశించడం ఖాయమైంది. విజయేందర్ కారు వెళ్లిపోయింది. నౌషీన్ బృందం మెట్ల మీద ఒకటే నవ్వులు. అనుదీప్ ఎవరికో ఫోన్ చేసి పంజాగుట్ట ఫ్లోర్ ఖాయం చేస్తున్నాడు. రాఘవేందర్ ఖాళీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని, వెళ్లకుండా బల్లకు ఇవతల నిలబడ్డాడు. ఇన్నేళ్లూ షాపులో ఆయన నిలబడింది ఎప్పుడూ బల్లకు అవతలి పక్కనే. ఇవతలి పక్క గిరాకీ నిలబడే చోటు.

"సార్," అన్నాడు. "పంజాగుట్టల నాకేమన్న పోస్టు ఉందా?"

అనుదీప్, మధులత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదు. లేదని ఇద్దరికీ తెలుసు. వాళ్లకు తెలుసని రాఘవేందర్‌కూ తెలుసు.

"ఉందన్నా," అన్నాడు అనుదీప్. "సాయంత్రం రా."

రాఘవేందర్ కిందికి వచ్చి షాపులో కూర్చున్నాడు. ఆ మాటకు అర్థం భూమ్మీద అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. తన గిరాకీలు ఇన్నేళ్లుగా మధ్యాహ్నాలు ఎలా గడిపారో మాత్రం ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికి పోస్టు ఉంది. శిక్షణ విభాగం, ఇన్‌ఛార్జి. ఆ విభాగం కూడా మధ్యాహ్నం తర్వాతే పుట్టింది. పాఠం మధులతది. పిల్లల్ని చేర్చుకోవడం, కూర్చోబెట్టడం, మానేసేవాళ్లకు ధైర్యం చెప్పి మళ్లీ తీసుకురావడం, కావలసిన సామాను సాయంత్రానికి సమకూర్చడం ఆయనవి.

"ఒక్క షరతండీ," అంది మధులత. "గ్యాసుల రంగుల గురించి మీరేం మాట్లాడకూడదు."

"మాట్లాడ మేడం."

హాషం అప్పటికప్పుడు మెడలో వేసుకునే కార్డు తయారుచేసి తెచ్చాడు. ఫొటో, పేరు, హోదా, ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు. అడుగున, 'కొత్త బ్యాచ్ సోమవారం నుంచి.'

"గీ లైను ఎందుకేసినవ్ భాయ్?"

"డిజైన్‌ల ఉన్నది మియా. ఈసారి నిజమే గదా, పో."

రాఘవేందర్ మెట్రో ఎక్కలేదు. కార్డు మెడలో వేసుకుని, చొక్కా మీద సరిగ్గా మధ్యకు వచ్చేలా సర్దుకుని, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా మీదుగా ఇంటికి నడిచాడు. దారిలో కొత్త ఆఫీసు రాబోయే భవనం ముందు ఆగి, కింది నుంచి అంతస్తులు చూశాడు. వాచ్‌మన్ కార్డు చదివి సలాం చేశాడు. ఖైరతాబాద్ బస్సు ఇక్కడ ఆగుతుందా అని ఒకాయన అడిగితే, ఆగుతుందన్నాడు. పూలకొట్టు దగ్గర కొంచెం నెమ్మదిగా నడిచాడు, చూసేవాళ్లుంటే చూడనివ్వాలని. ఒక జైత్రయాత్రకు కావలసినవన్నీ ఆ నడకలో ఉన్నాయి.

ఎర్రమంజిల్‌లో స్వరాజ్యం పొయ్యి దగ్గర ఉంది. సేమియా నెయ్యిలో దోరగా వేగి సిద్ధంగా ఉంది. ఆయన పోయి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కార్డు పట్టుకుని, పేరు, హోదా, అడుగు లైనుతో సహా నిదానంగా చదివింది. ఇంకోసారి చదివింది. కళ్లు కొంచెం తడిశాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"మంచిగున్నది. అడిగినవన్నట్టు."

"అడిగిన."

"మరి పాలేవి?"

ఆ పూట వాళ్లు సేమియా ఉప్మా తిన్నారు.